పొరుగింటి గుంత, మన గోడ

పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ఈ నెల అందిన ఉత్తరాలలో మూడు ఒకే బాధను మూడు వైపుల నుంచి చెబుతున్నాయి. పక్కింట్లో, పైయింట్లో ఎడతెగకుండా సాగే ఇంటి మార్పుల గురించి రెండు ఉత్తరాలు వచ్చాయి. తానే అలాంటి పని మొదలుపెట్టబోతూ, పొరుగువారికి ఇబ్బంది కలగకుండా ఏం చేయాలని అడిగిన పెద్దమనిషి ఉత్తరం మూడవది. అందువల్ల ఈసారి ఈ శీర్షిక మొత్తాన్ని ఈ విషయానికే కేటాయించాను. రాసినవారి కోరిక మేరకు పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: మాది అమలాపురానికి దగ్గరలో ఉన్న ఒక పల్లె. మా మామగారి తండ్రి కట్టించిన మండువా ఇంట్లో ఉంటున్నాము. గానుగ సున్నంతో కట్టిన గోడలు, పైన బెంగుళూరు పెంకు. మా పడమటి పక్క ఇంటాయన మా వారికి వరసకు అన్నగారు కావడంతో నేను బావగారూ అనే పిలుస్తాను. ఆయన ఉద్యోగ విరమణ చేసి హైదరాబాదు నుంచి వచ్చి ఏడాదిన్నర అయింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో పని ఆగిన వారం లేదు. మొదట వీధి గుమ్మం మార్చారు. తరువాత మెట్లు ఉండకూడని మూలలో ఉన్నాయని పగలగొట్టించి, వేరే చోట కట్టించి, అవి ఇరుకయ్యాయని వాటినీ పగలగొట్టించారు. మేస్త్రీ వద్దన్నా వినరు. పొద్దున్న ఆరున్నరకే బ్రేకర్ మిషను మొదలవుతుంది. మా అత్తగారికి 82 ఏళ్ళు. ఆ మోతకు ఉలిక్కిపడి లేచి, రోజంతా మంచం మీద చెవులు మూసుకుని కూర్చుంటున్నారు. ఇప్పుడు వాళ్ళ స్థలం ఈశాన్య మూలలో, మా పడక గది గోడకు రెండడుగుల దూరంలో, పదడుగుల లోతున నీళ్ళ సంపు తవ్వించారు. మూడు రోజులుగా డీజిలు ఇంజను పెట్టి ఊట తోడిస్తున్నారు. నిన్న మా పడమటి గది కిటికీ మూల నుంచి ఏటవాలుగా ఒక బీట కనిపించింది. బావగారితో చెబితే, "పాత ఇల్లు కదమ్మా, ఎండాకాలం బీటలు మామూలే" అన్నారు. మాట పెంచుకుంటే రేపు పండక్కి ఒకరి గుమ్మం ఒకరు తొక్కలేము. ఈ శబ్దం ఆపించే దారి ఉందా? ఆ బీట సంగతి ఏమిటి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చూడగానే ఫోను చేసి ముఖ్యమైన సంగతులు చెప్పాను. ఇదే చిక్కులో ఉన్న ఇతరుల కోసం ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మీరు శబ్దం గురించి ముందు అడిగారు, బీట గురించి చివర అడిగారు. నేను ఆ వరసను తిరగవేస్తాను. బ్రేకర్ మోత ఎంత బాధ పెట్టినా సాయంత్రానికి ఆగుతుంది. ఇంజను మాత్రం మీ గోడ కింద ఉన్న ఆధారాన్ని నీటితో పాటు బయటికి తోడేస్తున్నది. ఏడాదిన్నరగా ఆ మోత మీ దృష్టిని లాగేసుకోవడం వల్ల, అన్నింటిలోకీ ప్రమాదకరమైన ఈ పని మీకు మరొక మామూలు పనిలాగే కనిపించి ఉంటుంది.

కాబట్టి మొదట చేయవలసినది ఒక్కటే. మీ అత్తగారి మంచాన్ని ఈ రోజే ఆ గదిలో నుంచి తూర్పు వైపుకు మార్చండి. పెంకుల కప్పు దూలాలు ఏ గోడ మీద ఆనుతున్నాయో చూసి, ఆ గోడ పక్కన ఎవరూ పడుకోకుండా చూసుకోండి. మిగతా మాటలన్నీ తరువాత.

ఇక కారణం చెబుతాను. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచి కాలువల్లోనూ వరిచేలల్లోనూ నిలిచే నీటి చెమ్మతోనే మన డెల్టా నేల బతుకుతున్నది. చాలా చోట్ల కొద్ది అడుగులు తవ్వితేనే ఊట వస్తుంది. పైన జిగురు మట్టి ఉంటుంది, దాని కింద అక్కడక్కడ సన్న ఇసుక పొరలు ఉంటాయి. పాత ఇళ్ళ పునాదులు ఈ తడి మట్టి మీద మూడు, నాలుగు అడుగుల లోతులోనే కూర్చుని ఉంటాయి. పక్కన లోతుగా గుంత తీసి నీరు తోడినప్పుడు రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. చుట్టుపక్కల మట్టిలో ఉన్న నీరు గుంతలోకి దిగిపోవడంతో మట్టి అణగిపోతుంది. ఆ నీటి వెంట సన్న ఇసుక, ఒండ్రు కూడా కొట్టుకువచ్చి, పునాది అడుగున కంటికి కనబడని ఖాళీ ఏర్పడుతుంది. గోడ అంతా ఒకేసారి సమానంగా దిగితే అంత నష్టం ఉండదు. ఒక మూల దిగి మరొక మూల నిలిచిపోతేనే గోడ చీలుతుంది. ఆ చీలిక గోడలో బలహీనమైన చోటు నుంచి, అంటే సాధారణంగా కిటికీ మూల నుంచి, ఇటుకల వరసల వెంట మెట్లు మెట్లుగా ఏటవాలుగా సాగుతుంది. మీరు రాసిన బీట సరిగ్గా ఆ రూపంలోనే ఉంది.

బావగారి మాటలో కొంత నిజం ఉంది, దాన్ని కొట్టిపారేయకండి. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక కాలువలు కట్టేసిన రోజుల్లో జిగురు మట్టి ఎండి కుంచించుకుపోతుంది, జూన్‌లో నీళ్ళు వదిలాక మళ్ళీ ఉబ్బుతుంది. ఈ కదలికకు మన పాత గోడలు ఎండాకాలంలో సన్నగా విచ్చుకుని, వానాకాలంలో మూసుకోవడం నేను ఎన్నో ఇళ్ళలో చూశాను. ఊట తక్కువగా ఉండే ఆ రోజుల్లోనే గుంత తవ్వాలనుకోవడం కూడా ఆయన చేసిన మంచి ఆలోచనే. అయితే ఎండకు వచ్చే బీట వారాల తరబడి మెల్లగా, పలుచోట్ల కనిపిస్తుంది. ఇంజను పెట్టిన మూడో రోజున, గుంత ఉన్న గోడకే, ఒక్క ఏటవాలు గీతగా వచ్చిన బీటను ఎండ మీదకు నెట్టడం న్యాయం కాదు.

ఇది మాటల మీద తేలే వాదం కాదు కనుక కళ్ళతో చూసే పరీక్ష ఒకటి చెబుతాను. ఇంజను గొట్టం నుంచి పడే నీటిని ఒక తెల్లటి బకెట్‌లో పట్టి, కదపకుండా పావుగంట ఉంచండి. తరువాత పై నీటిని మెల్లగా వంపేసి అడుగున చేయి పెట్టి చూడండి. అడుగు శుభ్రంగా ఉంటే వస్తున్నది ఊట మాత్రమే. వేళ్ళకు పిండిలాంటి ఒండ్రు, గరగరలాడే సన్న ఇసుక తగిలితే నేల కూడా నీటితో వస్తున్నదని అర్థం. గుంత తవ్విన కలతకు మొదటి గంటలో కొంత బురద రావడం సహజం. మూడో రోజున కూడా అదే రంగులో వస్తుంటే మాత్రం ఇంజను ఆ క్షణమే ఆపాలి. ఈ పరీక్ష మీ ఒక్కరే చేయకండి. బావగారి ఎదుటే, ఆయన చేతనే చేయించండి. కోపం తెచ్చుకోవడానికి ఆ బకెట్‌లో ఏమీ ఉండదు. చేతికి తగిలిన ఇసుకను కాదనడం ఎవరికైనా కష్టమే.

బీటకు కూడా ఇలాగే గుర్తులు పెట్టాలి. బీట రెండు కొసల దగ్గర పెన్సిలుతో అడ్డగీత గీసి, పక్కన తేదీ, వేళ రాయండి. మధ్యలో రెండు చోట్ల వేలెడు పొడవున్న పలుచటి గాజు ముక్కలను బీటకు అడ్డంగా పెట్టి, రెండు కొసలనూ సిమెంటుతో అంటించండి. గోడ మీద సున్నం పెచ్చు ఉంటే ముందు గీకేసి, గాజు ఇటుకనే పట్టుకునేలా చూడండి. గోడ కదిలితే గాజు పగులుతుంది, ఏ రోజు పగిలిందో మీకు తెలుస్తుంది. ఫోటో తీసేటప్పుడు పక్కన ఒక స్కేలు పెట్టండి. అన్నింటికంటే ముఖ్యంగా, కదలిక ఆగే వరకు ఆ బీటను పూడ్చవద్దు. ఆగాక కూడా సిమెంటుతో పూడ్చవద్దు. గానుగ సున్నం మెత్తనిది, చెమ్మను పీల్చి వదిలేది. దాని మధ్య గట్టి సిమెంటు పెడితే చెమ్మ లోపలే నిలిచి, ఏడాదిలోగా పెచ్చుగా ఊడి వస్తుంది, పక్కనున్న ఇటుకనూ తినేస్తుంది. సున్నం, సుర్కీ (ఇటుక పొడి) కలిపి పని చేయగల పాత మేస్త్రీలు మీ ప్రాంతంలో ఇంకా ఉంటారు, వెతికి పట్టుకోండి.

నేను ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో, ఒక కాలువ గట్టు పక్క ఊరిలో, పొరుగువారు సెప్టిక్ ట్యాంకు కోసం తీసిన గుంత వాన రాత్రి కూలి, దానితో పాటు ఒక వంటగది గోడ కూడా పడిపోయింది. లోపల ఎవరూ లేకపోవడం వల్ల ప్రాణనష్టం జరగలేదు. ఆ గోడకు వారం ముందే బీట వచ్చిందనీ, చూడటానికి బాగుండలేదని సిమెంటు పూయించామనీ ఆ ఇంటి ఇల్లాలు నాతో చెప్పింది. ఆ మాట నన్ను ఇన్నేళ్ళుగా వదలలేదు. అందుకే మీకు ఇంత గట్టిగా రాస్తున్నాను.

ఇప్పుడు బావగారితో మాట్లాడటం గురించి. మిషను మోగుతుండగా గోడ మీది నుంచి అరిచి చెప్పే మాట ఏదైనా తగాదాగానే వినిపిస్తుంది. పనివాళ్ళ ఎదుట చెబితే ఆయన తగ్గలేరు. సాయంత్రం కూలీలు వెళ్ళాక, మీరూ మీ వారూ కలిసి వెళ్ళండి. ఏడాదిన్నర బాధలన్నీ ఒకేసారి విప్పవద్దు. మెట్ల సంగతి, గుమ్మం సంగతి ఎత్తవద్దు. "బావగారూ, అత్తయ్యగారిని గది మార్చాము. గోడ దిగుతున్నదేమోనని భయంగా ఉంది. రేపు ఇంజను వేయకుండా, ఒక ఇంజినీరును పిలిపించి మనిద్దరం కలిసి చూపిద్దాము. ఆ ఖర్చు చెరి సగం పెట్టుకుందాము" అని మాత్రమే చెప్పండి. ఖర్చులో సగం మీరు భరించడం అన్యాయంగా తోచవచ్చు. కానీ ఒక రోజు ఇంజినీరు రుసుము మీ గోడతో పోలిస్తే లెక్కలోనిది కాదు, పైగా వచ్చినవాడు ఇద్దరి మనిషీ అవుతాడు.

ఇంజినీరు వచ్చేలోగా మీకు తెలిసి ఉండవలసిన కొలత ఒకటి ఉంది. పొరుగు పునాది అడుగు కంటే గుంత ఎన్ని అడుగులు కిందికి వెళుతుందో, ఆ పునాది నుంచి గుంత అంచు కనీసం అన్ని అడుగుల దూరంలో ఉండాలన్నది పని తెలిసినవారు పాటించే లెక్క. మీ పునాది నాలుగడుగులు, వారి గుంత పదడుగులు అనుకుంటే తేడా ఆరడుగులు. అంటే ఆరడుగుల దూరంలో ఉండవలసిన గుంత రెండడుగులలో ఉంది. తడి మట్టిలో ఆ ఆరడుగులు కూడా చాలకపోవచ్చు. కాబట్టి ఈ గుంతను ఈ చోట, ఈ లోతున కొనసాగించకూడదు. ఇంజను ఆపి, ఊటను దానంతట అది పైకి రానివ్వాలి. గుంతలో నిలిచిన నీరు గుంత గోడలను కొంత వరకు లోపలి నుంచి ఆపుతుంది. తరువాత తీసిన బురదనే తిరిగి తోసేయకుండా, ఇసుకను పొరలు పొరలుగా పోస్తూ, చేతి దిమ్మిసతో సర్దుతూ పూడ్చాలి. ఇదంతా కాలువలకు నీళ్ళు వదలకముందే పూర్తి కావాలి. ఊట పెరిగాక ఈ పని రెట్టింపు కష్టమవుతుంది.

వాస్తు మీద నమ్మకం ఉన్నవారిని నేను తప్పుపట్టను. అయితే ఈశాన్యంలో నీరు ఉండాలన్నంత మాత్రాన అది పొరుగు గోడను ఆనుకుని ఉండాలని గానీ, పదడుగుల లోతున ఉండాలని గానీ ఎవరూ చెప్పరు. ఆ దిక్కులోనే, గోడకు ఎడంగా, నాలుగడుగుల లోతున వెడల్పైన సంపు కట్టుకుంటే నీరు అంతే పడుతుంది. లోతు తప్పనిసరి అయితే మన పెద్దలు బావులకు చేసినట్టు సిమెంటు ఒరలు దింపుకుంటూ, ఒర లోపలి మట్టి మాత్రమే తీసుకుంటూ వెళ్ళాలి. అప్పుడు పక్క మట్టి ఒరకు ఆనుకుని నిలబడుతుంది. ఆ పద్ధతికైనా పైన చెప్పిన దూరం పాటించవలసిందే.

ఇంత చెప్పినా ఆయన వినకపోతే, అప్పుడు కాగితం రాయక తప్పదు. తేదీలు, ఫోటోలు జతచేసి పంచాయతీ కార్యదర్శికి రాసి, అందినట్టు సంతకం తీసుకోండి. గ్రామ సచివాలయంలోని ఇంజినీరింగ్ అసిస్టెంటును స్థలానికి వచ్చి చూడమని అడగండి. అక్కడ కదలిక లేకపోతే కలెక్టరేటులో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వవచ్చు. చట్టం మీ పక్షాన ఉందన్న ధైర్యం కూడా మీకు ఉండాలి. ఆనాటి మద్రాసు ప్రెసిడెన్సీలో అమలులోకి వచ్చి, నేటికీ మన జిల్లాలకు వర్తిస్తున్న 1882 నాటి ఈజ్‌మెంట్ల (పొరుగు నేల మీద ఉండే హక్కుల) చట్టం ప్రకారం, ఒకరి నేలకు పక్క నేల నుంచి సహజంగా అందే ఆధారాన్ని తీసివేసే హక్కు పొరుగువారికి లేదు. అడ్డులేకుండా 20 ఏళ్ళు నిలిచిన కట్టడానికి కూడా ఆ ఆధారం హక్కుగా సంక్రమిస్తుంది. మీ ఇల్లు మూడు తరాలుగా నిలిచి ఉంది. ప్రమాదం ముంచుకొస్తే సివిల్ కోర్టులో తాత్కాలిక ఇంజంక్షన్ (పని ఆపమనే ఉత్తర్వు) కోరవచ్చు. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం కింద మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. 15100 నంబరుకు ఫోను చేసి అడగండి. నా సలహా మాత్రం, కోర్టులో దావా వేయకముందే న్యాయ సేవా సంస్థ ద్వారా ఇద్దరినీ కూర్చోబెట్టే లోక్ అదాలత్ మార్గాన్ని ముందు ప్రయత్నించమని. అక్కడ కోర్టు రుసుము ఉండదు, ఇద్దరూ ఒప్పుకుని రాసుకున్న మాటకు కోర్టు డిక్రీకి ఉన్నంత విలువ ఉంటుంది. సంతకం చేసేది మీరిద్దరే కనుక ఒకరు గెలిచి ఒకరు ఓడారన్న మాట ఊళ్ళో పుట్టదు.

శబ్దం గురించి రెండో ఉత్తరానికి ఇచ్చే జవాబు మీకూ వర్తిస్తుంది. గుంత సంగతి తేలాక, పని వేళలు తొమ్మిది నుంచి ఐదు వరకు ఉండేలా, మధ్యాహ్నం మీ అత్తగారు నిద్రపోయే రెండు గంటలు బ్రేకర్ ఆపేలా బావగారిని అడగండి. పెద్దావిడ పడుకునే వేళ అని చెబితే మేస్త్రీ కూడా అర్థం చేసుకుంటాడు.

ప్రశ్న: మాది భీమవరంలో ఒక అపార్ట్‌మెంటు. మా పై ఫ్లాటు వారు రెండు నెలలుగా వంటగదిని బాల్కనీలోకి జరపడం, గదుల మధ్య గోడ తీసి వేరే చోట కట్టడం వంటి పనులు చేయిస్తున్నారు. పనివాళ్ళు పగలు వేరే చోట పనిచేసి రాత్రి వస్తారట. పదకొండు దాటినా టైల్స్ కోసే మిషను మోగుతూనే ఉంటుంది. మా అమ్మాయికి ఇంటర్ పరీక్షలు దగ్గర పడ్డాయి. అడిగితే, "మా ఫ్లాటు, మా ఇష్టం" అంటున్నారు. ఇది సబబేనా?

జవాబు: సబబు కాదండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు నివాస ప్రాంతాలలో మోత చేసే నిర్మాణ యంత్రాలను వాడనే కూడదు. ఇందులో డెసిబెల్స్ కొలవవలసిన పని కూడా లేదు, ఆ వేళకు మిషను మోగడమే ఉల్లంఘన. పగటి పూట నివాస ప్రాంతానికి 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. పగటి శబ్దం ఆ పరిమితిని పది డెసిబెల్స్ మించితే ఫిర్యాదు చేసే హక్కు వస్తుంది. టైల్స్ కోసే మిషను దగ్గర శబ్దం 90 దాటుతుంది. ఫిర్యాదును జిల్లా మేజిస్ట్రేటు గానీ, డీఎస్పీ స్థాయికి తగ్గని పోలీసు అధికారి గానీ స్వీకరించాలి. రాత్రి వేళ తక్షణం ఆపించాలంటే 112కు ఫోను చేయవచ్చు. అయితే దానికి ముందు ఒకసారి మీ అపార్ట్‌మెంటు సంఘం అధ్యక్షులను వెంటబెట్టుకుని, అమ్మాయి పరీక్షల టైంటేబులు కాగితం చేతిలో పెట్టండి. కోపం ఫ్లాటు యజమాని మీద ఉంటే ఉండనివ్వండి, రాత్రి పదకొండింటికి మిషను పట్టుకున్న కుర్రాళ్ళ మీద చూపవద్దు. వారు పగలంతా పనిచేసి వచ్చినవారే. టైల్స్‌ను నీళ్ళు పోస్తూ కోస్తే దుమ్ము బాగా తగ్గుతుంది. ఆ దుమ్ములోని సిలికా మీ అమ్మాయి కంటే ముందు వారి ఊపిరితిత్తులనే పట్టుకుంటుంది.

మీరు అడగకపోయినా గోడ మార్పు గురించి చెప్పాలి, నన్ను ఎక్కువ కలవరపెట్టింది అదే. తొమ్మిదంగుళాల మందం, పదడుగుల ఎత్తు ఉన్న ఇటుక గోడ ఒక అడుగు పొడవుకు సుమారు నాలుగు క్వింటాళ్ళ బరువు తూగుతుంది. పదడుగుల పొడవు కడితే నాలుగు టన్నులు. అలాంటి గోడ ఇంతకు ముందు బీము మీద ఉండి, ఇప్పుడు బీము లేని చోట శ్లాబు మధ్యకు వస్తే, ఆ శ్లాబు మీ నెత్తి మీది కప్పు. బాల్కనీ అయితే మరీ ప్రమాదం, అది ఒక వైపు మాత్రమే పట్టు ఉన్న కట్టడం. వంటగది గట్టు, సింకు, గ్రానైటు, నిండిన గ్యాసు బండలు మోయడానికి లెక్క వేసి కట్టినది కాదు. కరెంటు పైపుల కోసం కాలమ్‌ను గానీ బీమును గానీ చెక్కి ఇనుము బయటపెట్టారేమో కూడా చూడాలి. సముద్రపు గాలి తగిలే మన ప్రాంతంలో బయటపడిన ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. ఈ మూడు సంగతులూ సంఘం తరఫున రాతపూర్వకంగా అడగండి. భవనం డ్రాయింగులు తెలిసిన స్ట్రక్చరల్ ఇంజినీరు ఒప్పుకుని సంతకం పెట్టే దాకా గోడ పని ఆగాలని కోరండి, కాపీని మునిసిపాలిటీ టౌన్ ప్లానింగ్ విభాగానికి పంపండి. కాలమ్ వారి ఫ్లాటులో కనిపించినంత మాత్రాన వారి సొంతం కాదు, దాని మీద ఆధారపడి అందరూ నిద్రపోతున్నారు.

ప్రశ్న: పాలకొల్లు దగ్గర మాకు తండ్రులనాటి డాబా ఇల్లు ఉంది. ప్రతిసారీ రోడ్డు మీద రోడ్డు వేయడంతో ఇల్లు పల్లమైపోయి, వాన పడితే వీధి నీళ్ళు హాల్లోకి వస్తున్నాయి. జాకీలతో ఇంటిని మూడడుగులు ఎత్తించి, చుట్టూ దొడ్డి కూడా మట్టి తోలించి మెరక చేద్దామనుకుంటున్నాను. పక్కింట్లో ఒక్కరే ఉండే పిన్నిగారు, నా పనితో తన ఇల్లు మునుగుతుందని దిగులు పడుతున్నారు. ఆమెకు ఇబ్బంది లేకుండా ఈ పని ఎలా చేయాలి?

జవాబు: పని మొదలుపెట్టకముందే ఈ ప్రశ్న అడిగినందుకు మీకు నా నమస్కారం. ఈ శీర్షికకు ఇలాంటి ఉత్తరం రావడం అరుదు.

పిన్నిగారి దిగులు సహేతుకమైనదే. పై నేల మీద పడిన వాన సహజంగా పల్లానికి పారితే కింది నేలవారు దాన్ని అడ్డుకోకూడదని చట్టమే చెబుతుంది. కానీ మట్టి తోలి చేసిన మెరక సహజం కాదు. మీ దొడ్డి మీద పడిన వాన ఇప్పటి వరకు మీ దొడ్డిలోనే ఇంకుతూ ఉంది, రేపటి నుంచి అది ఆమె పెరట్లోకి దిగుతుంది. కాబట్టి ఇల్లు ఎత్తడం వేరు, దొడ్డి అంతా మెరక చేయడం వేరు అని విడదీసి ఆలోచించండి. ఇల్లు మాత్రమే ఎత్తి, వీధి గుమ్మం నుంచి ఇంటి దాకా ఒక బాట మాత్రం మెరక చేసుకుని, పెరడును ఉన్న మట్టంలోనే వదిలేస్తే ఖర్చు తగ్గుతుంది, వాననీరు ఇంకే నేలా మిగులుతుంది, కొబ్బరి చెట్ల మొదళ్ళు మట్టిలో కూరుకుపోవు. దొడ్డి కూడా ఎత్తక తప్పదనుకుంటే, ఆమె వైపు పొడవునా వీధి కాలువ దాకా వాటంగా ఒక కాలువ కట్టించి, డాబా నీళ్ళను గొట్టంతో అందులోకే దింపండి. చూరు నీళ్ళు ఆమె గోడ మీద చిమ్మకూడదు.

మరొక సంగతి చాలామంది మరచిపోతారు. మీ ఇద్దరి మధ్య ఉన్న ప్రహరీ గోడ మట్టిని ఆపడానికి కట్టినది కాదు. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడకు ఒక వైపు మూడడుగుల మట్టి పోస్తే పొడి రోజుల్లో నిలబడినట్టే ఉంటుంది. మొదటి పెద్ద వానకు ఆ మట్టి నీరు తాగి బరువెక్కి, గోడను అవతలికి తోసేస్తుంది. అవతల పిన్నిగారు బట్టలు ఆరేసుకుంటూ ఉండవచ్చు. మీ స్థలంలోనే, ప్రహరీకి ఎడంగా, మట్టిని ఆపే గోడను విడిగా కట్టించండి. అందులో అక్కడక్కడ నీరు పోయే గొట్టాలు మీ కాలువలోకి తెరుచుకునేలా పెట్టించండి.

జాకీల పని చేసేవారు దూర ప్రాంతాల నుంచి వచ్చి, ముగించుకుని వెళ్ళిపోతారు. మీరు పొరుగున మిగిలిపోతారు. అందువల్ల పని మొదలు కాకముందే ఆమె గోడలను, నేలను ఆమె సమక్షంలో ఫోటోలు తీసి, ఒక ప్రతి ఆమెకు ఇవ్వండి. పాత బీటలు ఏవో, కొత్తవి ఏవో అప్పుడు ఇద్దరికీ తెలిసే ఉంటుంది. పని వేళలు, ముగిసే తేదీ, మేస్త్రీ ఫోను నంబరు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఆమె తలుపు దగ్గర అతికించండి. ఇంటి కింద ఇటుక తొలిచే రోజులే అన్నింటికంటే మోత ఎక్కువగా ఉండే రోజులు. అవి ఏ రోజులో ముందే చెబితే ఆమె కూతురి ఇంటికో చెల్లెలి ఇంటికో వెళ్ళిరావచ్చు. పంచాయతీ అనుమతి తీసుకోకుండా ఈ పని మొదలుపెట్టవద్దని వేరే చెప్పనక్కర లేదనుకుంటాను.

చివరిగా, మట్టాల విషయంలో నోటి మాట చాలదు. మేస్త్రీల దగ్గర ఉండే సన్నటి పారదర్శక గొట్టాన్ని నీటితో నింపించి, లోపల గాలి బుడగ లేకుండా చూసి, ఒక కొస మీరు మీ గోడ దగ్గర పట్టుకోండి, రెండో కొస పిన్నిగారి చేతికి ఇచ్చి ఆమె గోడ దగ్గర పట్టుకోమనండి. రెండు కొసల్లో నీరు కదలడం ఆగాక, నీరు నిలిచిన చోట ఇద్దరూ రంగు పెన్సిలుతో గీత గీయండి. మీ కొత్త దొడ్డి ఆ గీతకు ఎన్ని అంగుళాలు పైకి వస్తుందో, కాలువ అడుగు ఎన్ని అంగుళాలు కిందకు వెళుతుందో ఆ గీత నుంచి కొలిచి ఆమెకు చూపించండి. మట్టి లారీ ఆ తరువాత పిలిపించండి.